కిట్ లెన్స్ మార్చాలనుకుంటున్నారా..? తక్కువ బడ్జెట్‌లో ఏది కొనాలి.. ముందు ఈ లెక్క చూసుకోండి!

గుంటూరు మిర్చి యార్డులో ధరల అప్‌డేట్, పత్తి చేలో రైతుతో ముఖాముఖి, నరసరావుపేటలో పెళ్లి, కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు.. ఇప్పుడు ఏదైనా వీడియోనే. తీసేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది బేసిక్ డీఎస్‌ఎల్‌ఆర్, దాంతోపాటు బాక్సులో వచ్చిన 18-55 ఎంఎం లెన్స్. దీన్నే కిట్ లెన్స్ అంటారు. పగలు బాగానే పనిచేస్తుంది. పొద్దు గూకితే వీడియో నిండా చుక్కలు. అప్పుడే "లెన్స్ మార్చాలి" అనే ఆలోచన మొదలవుతుంది. తొందరపడి కొంటే డబ్బులు పోతాయి, సమస్య అలాగే ఉంటుంది. ఏ లెన్స్ ఎవరికి పనికొస్తుందో చూద్దాం.

అసలు తేడా ఎక్కడ వస్తుంది?

ఫొటోకైతే షట్టర్ స్పీడ్ తగ్గించి వెలుతురు పెంచుకోవచ్చు. వీడియోలో ఆ వెసులుబాటు దాదాపు లేదు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. లైట్లు మిణుకుమిణుకుమనకుండా ఉండాలంటే షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర పెట్టాలి. ఇక మిగిలేవి రెండే.. ఐఎస్‌ఓ పెంచడం, లేదంటే లెన్స్ ఎక్కువ తెరుచుకోవడం. ఐఎస్‌ఓ పెంచితేనే ఆ చుక్కలు వస్తాయి.

కిట్ లెన్స్‌ను 55 ఎంఎం వరకు జూమ్ చేస్తే ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు. అదే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ అయితే దానికంటే 9 రెట్లకు పైగా వెలుతురు లోపలికి వదులుతుంది. అంటే కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ 6400 పెట్టాల్సిన చోట 640-800తో సరిపోతుంది. ఎంఎం పక్కన ఉండే ఈ ఎఫ్ నంబర్ ఎంత తక్కువైతే రాత్రిపూట అంత మేలు.

నంబర్ ఒక్కటే చూస్తే ఇరుక్కున్నట్లే

చౌకలో దొరికే 50 ఎంఎం లెన్స్ అందరూ చెప్పే మాట. కానీ బేసిక్ కెమెరాల్లో సెన్సార్ చిన్నది. అందుకే అది బాగా దగ్గరగా చూపిస్తుంది. కెనాన్ బేసిక్ బాడీపై 10 అడుగుల దూరం నుంచి తీస్తే ఏది ఎంత వెడల్పు పడుతుందో చూడండి..

- 18 ఎంఎం: సుమారు 12 అడుగులు
- 24 ఎంఎం: సుమారు 9 అడుగులు
- 50 ఎంఎం: సుమారు నాలుగున్నర అడుగులు

అంటే చిన్న హాల్లో, కమీషన్ కొట్టులో, ఇరుకు పెళ్లి మండపంలో 50 ఎంఎం పెడితే వెనక్కి జరగడానికి గోడ అడ్డం వస్తుంది. వధూవరులు పడతారు, తలంబ్రాలు పోయించే పెద్దలు పడరు. పైగా కెనాన్ 200డి మార్క్ 2 లాంటి కెమెరాలో 4కే ఆన్ చేస్తే ఫ్రేమ్ ఇంకా ఇరుకవుతుంది. 18 ఎంఎం పెట్టినా అదే 10 అడుగుల దూరంలో 8 అడుగులు కూడా పడదు.

ఎవరికి ఏది?

పగలు పొలంలో, కల్లాల్లో తీసేవాళ్లు: కొత్త లెన్స్ అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో 1/50 షట్టర్‌తో ఐఎస్‌ఓ 100 పెట్టినా ఎఫ్/22 దాకా మూయాల్సి వస్తుంది. ఎఫ్/1.8 లెన్స్ అక్కడ వృథా. ఆ డబ్బులో కొంతతో ఎన్‌డీ ఫిల్టర్, మంచి మైకు కొనుక్కుంటే వీడియోలో తేడా కనిపిస్తుంది.

ఒక్కరినే కూర్చోబెట్టి ఇంటర్వ్యూలు, పోర్ట్రెయిట్లు తీసేవాళ్లు: కెనాన్‌కు 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. 2015లో వచ్చింది. బ్రాండెడ్ లెన్స్‌లలో చౌకైనవాటిలో ఇదొకటి. నికాన్ బేసిక్ కెమెరాకు 35 ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్. ఇది 10 అడుగుల దూరంలో ఆరున్నర అడుగులకు పైగా చూపిస్తుంది కాబట్టి ఇళ్లలోనూ పనికొస్తుంది.

పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీసేవాళ్లు: సిగ్మా, టామ్రాన్ కంపెనీల 17-50 ఎంఎం ఎఫ్/2.8 లెన్స్‌లు సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. జూమ్ ఎక్కడున్నా ఎఫ్/2.8 మారదు. 50 ఎంఎం దగ్గర కిట్ లెన్స్‌కు 4 రెట్ల వెలుతురు. 50 ఎంఎం కంటే ధర ఎక్కువే.. కానీ ముహూర్తం టైంలో లెన్స్ మార్చే పని ఉండదు. తాళి కట్టే ఘట్టం మళ్లీ తీయలేం కదా!

ప్రభలు, ఊరేగింపులు: శివరాత్రికి కోటప్పకొండ చేరే ఎత్తయిన విద్యుత్ ప్రభలు జనం మధ్య నుంచి ఫ్రేమ్‌లో పట్టాలంటే వైడ్ కావాలి. అక్కడ కిట్ లెన్స్ 18 ఎంఎం చివరే దిక్కు. ఆ చివర అది ఎఫ్/3.5 వరకు తెరుచుకుంటుంది. పైగా ప్రభ నిండా లైట్లే కాబట్టి పని నడుస్తుంది.

పక్షులు: గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు తీయాలంటే కెనాన్ 55-250 ఎంఎం లాంటి జూమ్ లెన్స్ వైపు వెళ్లాలి. పగటి వెలుతురుకు అది చాలు.

ఈ తప్పులు చేయొద్దు

- నికాన్ డి3000, డి5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. పాత ఏఎఫ్-డి లెన్స్ చౌకగా వచ్చిందని కొంటే ఆటోఫోకస్ రాదు. అలాగే డి3100, డి5100 లాంటి పాత బాడీలపై కొత్త ఏఎఫ్-పి లెన్స్‌లు పనిచేయవు.
- చౌక 50 ఎంఎం లెన్స్‌లలో చాలావాటికి స్టెబిలైజేషన్ లేదు. చేత్తో పట్టుకుని తీస్తే వీడియో ఊగుతుంది. మోనోపాడ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.
- ఎఫ్/1.8 దగ్గర 5 అడుగుల దూరంలో ఫోకస్ ఉండేది రెండు, మూడు అంగుళాల లోతు మాత్రమే. ఇద్దరు ఒకే వరసలో లేకపోతే ఒకరి ముఖం మసకే. జంటను తీసేటప్పుడు ఎఫ్/4కు తగ్గించండి.
- కిట్ లెన్స్ ముందు బిగించే చౌక వైడ్, టెలీ అద్దాలకు డబ్బు పెట్టకండి. వెలుతురు పెరగదు, అంచులు మసకబారతాయి.

కిట్ లెన్స్ పాడైపోతే?

కెనాన్‌లో 'ఎర్రర్ 01' వస్తే కెమెరాకు, లెన్స్‌కు మధ్య కనెక్షన్ సరిగా లేదని అర్థం. ముందు లెన్స్ వెనకున్న బంగారు రంగు పిన్నులను పొడి మెత్తని గుడ్డతో తుడిచి చూడండి. జూమ్ రింగ్ పట్టేస్తే రిపేర్ ఖర్చు అడగండి. చాలామంది అమ్మేసేది ఇదే లెన్స్ కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో 18-55 తేలిగ్గానే దొరుకుతుంది. కెనాన్‌లో పేరు చివర 'ఐఎస్ ఎస్‌టీఎం' ఉన్నది ఎంచుకోండి. చేతి వణుకు తగ్గుతుంది, వీడియోలో ఫోకస్ మోటార్ శబ్దం పెద్దగా రాదు. నికాన్‌లో 'వీఆర్' అనే అక్షరాలు చూడండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు..

లెన్స్‌లోకి ఫోన్ టార్చ్ కొట్టి చూడండి. సాలెగూడులా దారాలు కనిపిస్తే ఫంగస్. వద్దని చెప్పేయండి. మీ కెమెరాకే తగిలించి దగ్గర, దూరం రెండూ ఫోకస్ చేయించండి. జూమ్ రింగ్ ఎక్కడైనా పట్టేస్తోందా చూడండి. కొత్తదైతే బిల్లు, ఇండియా వారంటీ కార్డు తప్పకుండా అడగండి.

కొన్నాక జాగ్రత్త కూడా ముఖ్యమే. మిర్చి టిక్కీల మధ్య, పత్తి జిన్నింగ్ మిల్లులో లెన్స్ విప్పకండి. కారం ధూళి, దూది నలుసు నేరుగా సెన్సార్ మీద కూర్చుంటాయి. బాపట్ల, చీరాల లాంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి సిలికా జెల్ ప్యాకెట్లు వేసి గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.

ఇంకా తేల్చుకోలేకపోతున్నారా? కిట్ లెన్స్‌నే 50 ఎంఎం దగ్గర ఆపి, జూమ్ ముట్టుకోకుండా ఒక ఫంక్షన్ తీసి చూడండి. ఇరుకనిపిస్తే 50 ఎంఎం మీకు కాదు. సరిపోయిందంటే ధైర్యంగా కొనేయొచ్చు. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.