దవా ఆగినా ఖిద్మత్ ఆగరాదు

మనిషి పుట్టినప్పుడు నలుగురు చుట్టూ చేరతారు. పోయేటప్పుడు కూడా నలుగురు దగ్గర ఉండాలని ఏ మతం వారైనా కోరుకుంటారు. అయితే "ఇక మందు లేదు, ఇంటికి తీసుకుపోండి" అని డాక్టరు చెప్పిన రోజు నుండి ఆఖరి రోజు దాకా ఆ రోగిని ఎలా చూసుకోవాలి? మన గుంటూరులో చాలా ఇళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. కొందరు మిర్చి అమ్మిన డబ్బు, ఆడవాళ్ళ నగలు అయిపోయేదాకా ఆసుపత్రులు మారుస్తారు. కొందరు ఒక మూల మంచం వేసి, "అల్లాహ్ మర్జీ" అని ఊరుకుంటారు. ఈ రెంటికీ నడుమ మూడవ దారి ఒకటి ఉన్నది. దానినే హాస్పైస్ సేవ అంటున్నారు. ఆ దారి మన పెద్దలు నడిచినదే అని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశము.

క్రీ.శ. 627లో జరిగిన ఖందక్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి.) చేతికి బాణం తగిలి రక్తనాళం తెగింది. మదీనాలో ఆయన ఔస్ తెగకు సర్దారు. హజ్రత్ రసూలుల్లాహ్ (స.అ.వ.) వారు మస్జిద్‌లోనే ఆయనకు డేరా వేయించారు. తాము దగ్గర నుండి పరామర్శించవచ్చునని అలా చేశారు. గాయపడినవారికి సేవ చేసిన హజ్రత్ రుఫైదా (రజి.) పేరు ఈ డేరాతో కలిపి సీరత్ గ్రంథాలలో చెప్పబడింది. కొన్నాళ్ళకు ఆ గాయమే తిరగబెట్టి సాద్ వఫాత్ అయ్యారు. ప్రాణం నిలవలేదు. కాని ఆయన ఆఖరి రోజులు నలుగురూ వచ్చిపోయే చోట, తనవారి మధ్య గడిచాయి. మనం పట్టుకోవలసిన సంగతి ఇదే.

తరువాతి కాలంలో ఈ ఖిద్మత్‌కు వక్ఫ్ ఆస్తులు అండ అయినవి. 1154లో దమస్కస్‌లో నూరుద్దీన్ జంగీ, 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ బీమారిస్తాన్‌లు, అనగా ఆసుపత్రులు, కట్టించారు. ఖలావూన్ వక్ఫ్‌నామాలో ఇంట్లో మంచాన పడిన పేదలకు మందులు పంపడం, ఆసుపత్రిలో చనిపోయినవారి కఫన్, దఫన్ ఖర్చు కూడా చేర్చారు. అంటే నయమైనవాడి లెక్కతో పాటు నయంకాని వాడి లెక్క కూడా ఆ దస్తావేజులో ఉన్నదన్న మాట. మన దక్కన్‌లో 1595లో ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షా హైదరాబాదులో దారుష్షిఫా కట్టించాడు.

ఇక మన ఊరి సంగతి. 1883లో అమెరికా నుండి లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చారు. ఆ రోజుల్లో పర్దా స్త్రీలు మగ డాక్టరుకు చెయ్యి చూపించుకోలేక ఇంట్లోనే బాధపడేవారు. 1898లో ఆమె స్త్రీలకు ఆసుపత్రి తెరిచారు. ఆడ రోగికి ఆడమనిషి చేతి సేవ ఎంత అవసరమో అప్పుడే తెలిసింది.

క్షయకు మందు లేని కాలం కూడా మనవాళ్ళకు గుర్తే. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం తెరిచారు. మన పక్కన మంగళగిరిలోనూ శానిటోరియం ఉండేది. ఆ స్థలంలోనే ఇప్పుడు ఎయిమ్స్ నడుస్తున్నది. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చేవరకు అటువంటి చోట్ల ముఖ్యమైన వైద్యం గాలి, విశ్రాంతి, మంచి తిండి, మంచి మాట. మందు లేదని సేవ మానలేదు.

ఈ పాత ధర్మాన్నే లండన్‌లో డాక్టర్ సిసిలీ సాండర్స్ శాస్త్రంగా చేశారు. ఆమె ముందు నర్సు, తరువాత డాక్టరు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ స్థాపించారు. హాస్పైస్ అంటే పూర్వం బాటసారులు దిగే చోటు, మన ముసాఫిర్‌ఖానా లాంటిది. నొప్పి వచ్చాక ఏడుస్తుంటే మందు ఇవ్వడం కాదు, నొప్పి రాకముందే వేళకు మార్ఫిన్ నోటి ద్వారా ఇవ్వాలి అన్నారామె. శరీరం నొప్పితో పాటు మనసు బాధ, ఇంటి దిగులు, దైవచింత అన్నీ కలిసినదే రోగి బాధ అని చెప్పారు.

మన దేశంలో 1986లో బొంబాయిలో శాంతి ఆవేదనా సదన్ మొదలైంది. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో నొప్పి నివారణ క్లినిక్ పెట్టారు. తరువాత మలప్పురం వంటి జిల్లాలలో పేటల వాళ్ళే తలా కాస్త చందా వేసుకొని, నర్సును వెంటబెట్టుకొని ఇంటింటికి తిరిగి రోగులను చూడసాగారు. 1985 నాటి మత్తుమందుల చట్టం కట్టుబాట్ల వల్ల మార్ఫిన్ దొరకడం కష్టమైంది. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. హైదరాబాదులో 2011లో రోటరీ వారి స్పర్శ్ హాస్పైస్ వచ్చింది. గుంటూరు పెద్దాసుపత్రిలో 2020లో నాట్కో కేన్సర్ సెంటరు తెరిచారు.

ఈ సేవ చావును తొందర పెట్టదు, బలవంతంగా సాగదీయదు. ఉన్న రోజులను బాధ లేకుండా గడపనిస్తుంది. ఇంట్లో చేయగలిగిన పనులూ ఉన్నాయి. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చడం, ఎండిన పెదవులు తడపడం, తినలేనప్పుడు కుక్కి తినిపించకపోవడం. లేవలేనివాడు తయమ్ముమ్ చేసి సైగలతో నమాజు చదువుకోవచ్చు. అడిగిన రోగికి నిజం మెల్లగా చెప్పాలి. చెప్పకపోతే అతడు ఖర్జ్ తీర్చేది ఎప్పుడు, అమానత్ అప్పగించేది ఎప్పుడు, వసీయత్ చేసేది ఎప్పుడు, మాఫీ అడిగేది ఎప్పుడు? ఏ చికిత్స ఆపవచ్చు, ఏది ఆపరాదు అన్న మస్‌అలా వస్తే డాక్టరునూ ఉలమానూ ఇద్దరినీ అడగాలి.

జనాజా వెంట నడవడానికి మన పేటలో జనం తక్కువ కారు. జనాజాకు ముందు ఆరు నెలలు, మూడు నెలలు ఆ గడప తొక్కేవారే తక్కువ. కనుక మన సొసైటీ రెండు మడత మంచాలు, గాలి పరుపులు, ఒక వీల్‌చైరు కొని ఉంచితే బాగుంటుంది. చదువుకున్న మన ఆడపిల్లలు నలుగురికి రోగి సేవలో తర్ఫీదు ఇప్పించాలి. వారానికి ఒక ఇంటికి వెళ్ళి ఇయాదత్ చేసే పద్ధతి పెట్టాలి. ఇందుకు పెద్ద భవనం అక్కరలేదు. మదీనాలో ఒక డేరా సరిపోయింది.

ఈ ఖిద్మత్‌కు అల్లాహ్ మనందరికీ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.