ఫ్యాక్టరీ ఇంటికీ అనుమతి తప్పదు

కర్మాగారంలో తయారైన గోడలు, శ్లాబులను లారీల్లో తెచ్చి స్థలంలో బిగిస్తే అది ప్రీఫ్యాబ్రికేటెడ్‌ ఇల్లు. గదులకు గదులే సిద్ధమై వస్తే మాడ్యులర్‌ ఇల్లు. బోల్టులతో బిగించేదే కదా, అనుమతి ఎందుకనుకోవడం పొరపాటు. నివాసానికి శాశ్వతంగా నిలిపే కట్టడం ఏ పద్ధతిలో కట్టినా భవన నిబంధనలు వర్తిస్తాయి.

తనిఖీలోనే చిక్కు

సాధారణ ఇంటికి పునాది, ఇనుము, శ్లాబు దశల్లో తనిఖీ చేయవచ్చు. ఫ్యాక్టరీ గోడలో ఇనుము, కరెంటు తీగలు, గొట్టాలు ముందే మూసుకుపోతాయి. వాటిని తయారీ చోటే పరిశీలించాలి. అమెరికాలోని కాలిఫోర్నియా 1969లో చేసిన చట్టం ఈ చిక్కును విడదీసింది. అక్కడ ఇంటి నమూనా ఆమోదం, ఫ్యాక్టరీ తనిఖీ రాష్ట్ర గృహనిర్మాణ శాఖ పర్యవేక్షణలో జరుగుతాయి. ముద్ర పడిన ఇంటికి స్థానిక సంస్థ పునాది, ఖాళీ స్థలాలు, నీరు, విద్యుత్‌ కనెక్షన్ల వంటివే చూస్తుంది. ఒకే పనిని రెండుసార్లు తనిఖీ చేయాల్సిన అవసరం తప్పింది.

మన దేశంలో..

జాతీయ భవన నియమావళి-2016లో ప్రీఫ్యాబ్‌ నిర్మాణానికి ప్రత్యేక విభాగం ఉంది. భారతీయ ప్రమాణాల పరిధిలోకి రాని కొత్త పద్ధతులను కేంద్ర సంస్థ బీఎంటీపీసీ పరీక్షించి పనితీరు ధ్రువపత్రం ఇస్తుంది. ఇది నిర్మాణ పద్ధతికే తప్ప స్థలానికి అనుమతి కాదు. ఈ తరహా నిర్మాణానికి చెన్నై ఉదాహరణ. అక్కడ 2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన 1,152 ప్రీకాస్ట్‌ ఇళ్లను 2022 మేలో ప్రారంభించారు.

తెలంగాణ పట్టణాల్లో..

2020 నాటి టీఎస్‌-బీపాస్‌ చట్టం స్వీయ ధ్రువీకరణకు వీలు కల్పించింది. 75 చదరపు గజాల్లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి అనుమతి లేకుండా రూపాయి రుసుముతో రిజిస్ట్రేషన్‌ సరిపోయేలా నిర్దేశించింది. 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల వరకు ఎత్తున్న ఇళ్లకు తక్షణ అనుమతి, అంతకు మించితే 21 రోజుల గడువు పెట్టింది. తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం అధికారులకు ఇచ్చింది.

కొనుగోలుదారులకు సూచనలు

* అనుమతి చేతికి రాకముందే ఫ్యాక్టరీకి పూర్తి సొమ్ము చెల్లించరాదు. తయారైన గదిని తర్వాత ప్లానుకు తగ్గట్టు కుదించడం కష్టం.

* పద్ధతికి ధ్రువపత్రం ఉందో లేదో తయారీదారును అడగాలి.

* పునాదిని, అతుకులను స్ట్రక్చరల్‌ ఇంజినీరుతో పరిశీలింపజేయాలి.

* క్రేను, లారీ స్థలం వరకు వచ్చే దారి ఉందో ముందే చూసుకోవాలి.