మొండి మొక్క పుట్టేచోటు

పాలమూరు అనగానే మనలో చాలామందికి కరువూ వలసా గుర్తుకు వస్తాయి. నల్లగొండ అంటే ఫ్లోరైడు నీళ్ళు. అయితే ఉద్యానశాస్త్ర గ్రంథాలు తెరిస్తే పాలమూరు సీమలోని ఒక ఊరిపేరు మరో కారణంగా కనిపిస్తుంది. హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్ వెళ్ళేదారిలో షాద్‌నగర్ దాటాక వచ్చే బాలానగర్ అది. మహారాష్ట్రలోనో గుజరాత్‌లోనో సీతాఫలం పండించే రైతుకు మన బాలానగర్ ఎక్కడుందో తెలియకపోవచ్చు. కానీ "బాలానగర్ రకం" మాత్రం తెలుసు. పెద్ద పండు, పెద్ద కళ్ళు, మంచి తీపి దాని గుర్తులు.

విచిత్రమేమిటంటే, సీతమ్మవారి పేరు పెట్టుకున్న ఈ చెట్టు మన దేశపుది కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకున్న మాట. 19వ శతాబ్దంలో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ భార్హుత్ శిల్పాలలో చెక్కిన ఒక పండును చూసి, ఇది సీతాఫలమేనని, అంతకు ఎంతో ముందే మనకు ఉందని భావించాడు. ఆ వాదం నిలబడలేదు. రామాఫలం, లక్ష్మణఫలం కూడా సముద్రం దాటి వచ్చిన దాయాదులే. పరాయివాటిని మనవాళ్ళు ఎంత త్వరగా ఇంటివాటిని చేసుకున్నారో ఈ పేర్లే చెబుతాయి.

మరి ఈ గుట్టల మీద అది ఎలా నిలదొక్కుకుంది? ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన, ఎర్ర చెలక, అడుగు లోతునే రాయి తగిలే నేల. సీతాఫలానికి లోతైన మట్టి అక్కరలేదు. రాళ్ళ సందుల్లోని పలుచని మట్టి చాలు. ఎండాకాలంలో ఆకు రాల్చి ఊరకుంటుంది, తొలకరికి చిగురిస్తుంది. ఆకులోని చేదువల్ల మేకలు కూడా మూతి పెట్టవు. కంచె లేని పేదవాడి చేనులో చెట్టు బతకడానికి ఇంతకన్నా ఏం కావాలి? దసరా నాటికి పండు చేతికి వస్తుంది.

ఇక నారుమడి సంగతి. గట్టి పెంకున్న గింజను ఒకరోజు నానబెట్టి, ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపిన సంచిలో వేస్తారు. మొలక రావడానికి నెల పైనే పడుతుంది. గింజ మొక్కలన్నీ తల్లిని పోలవు. అందుకే పెన్సిలు లావు ఎదిగిన మొక్క తల కోసి, మంచి చెట్టు పుల్లను దానికి అంటు కడతారు. వేరు ఒకరిది, కొమ్మ ఇంకొకరిది. నల్లగొండ బత్తాయి కూడా ఈ సూత్రం మీదనే నిలిచింది. పూర్వం జంబేరి వేరు మీద కట్టేవారు. పరిశోధనల తర్వాత రంగ్‌పూర్ నిమ్మ వేరు మెట్టసీమలకు మేలని తేలింది. బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ పేరు మోసే వేరు నల్లగొండ బత్తాయిని మోస్తోందన్నమాట. అయితే మంచి వేరు కూడా కొంతవరకే కాపాడుతుంది. 2002 తర్వాతి కరువులో బోర్లు ఎండిపోయి ఎన్నో బత్తాయి తోటలు నిలువునా మాడిపోయాయి.

అంటు అతికాక జరిగే పని కొనేవాడి కంటికి కనబడదు. నా దృష్టిలో అసలైన పని అదే. మంచి నర్సరీవాడు మొక్కను మెల్లమెల్లగా నీడనుంచి ఎండలోకి తెస్తాడు. రోజూ పోసే నీళ్ళను రోజు విడిచి రోజు పోస్తాడు. సంచులను అప్పుడప్పుడు కదిలిస్తాడు. లేకపోతే వేరు సంచి చీల్చుకుని నేలలోకి పోతుంది, అమ్మేటప్పుడు తెగుతుంది. ఇవన్నీ చేస్తే మొక్క కాస్త వాడినట్టు, పొట్టిగా కనబడుతుంది. పక్కన గోదావరి ఒండ్రుమట్టిలో నిగనిగలాడుతూ పెరిగి లారీలో దిగిన మొక్క ఉంటే మన చెయ్యి దానివైపే పోతుంది. అది మంచి మొక్క కాదని అనను. కడియం తోటమాలుల నైపుణ్యం లోకమెరిగినది. కానీ బంకమట్టి ముద్దతో వచ్చిన మొక్కను ఇసుక చెలకలో పెడితే, ఆ ముద్ద ఎండి బిగుసుకుంటుంది, వేరు బయటి నేలలోకి రావడానికి వెనకాడుతుంది.

2015 జూలైలో తెలంగాణలో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక 12 వేలకు పైగా పంచాయతీల్లో ఊరూరా నర్సరీ పెట్టాలన్నారు, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నారు. లెక్క "ఎన్ని నాటారు" నుంచి "ఎన్ని బతికాయి" అనే ప్రశ్నకు మళ్ళడం నాకు ముఖ్యమనిపించింది. ఆ ప్రశ్నకు జవాబు గుంత తవ్వినరోజున కాదు, అంతకు ఏడాది ముందు నారుమడిలోనే తయారవుతుంది.

కనుక పెరట్లో మొక్క పెట్టదలచిన మిత్రులకు ఒక మనవి. పువ్వును చూసి కొనకండి. ఏ మట్టిలో పెంచారు, ఎన్నాళ్ళు ఎండలో ఉంచారు, ఏ వేరు మీద అంటు కట్టారు అని అడగండి. జవాబు చెప్పగలిగిన నర్సరీ మీ ఊరికి దగ్గర్లో ఉంటే, అక్కడి పొట్టి మొక్కనే తెచ్చుకోండి. బాలానగర్ పేరు దేశమంతా తిరుగుతోంది, కానీ ఆ దారి వెంట పొలాలు ప్లాట్లుగా మారుతున్నాయి. ఆ చెట్టు గుట్టల మీద తగ్గిపోయినా పెరళ్ళలో మిగలాలని నా ఆశ. మొండితనం విత్తనంతో కొంత వస్తుంది; మిగిలినది దాహాన్ని అలవాటు చేసిన చేతులనుంచి వస్తుంది.