సర్కిల్ దాటిన సిమ్ము: ఉద్దానం వలస మీద గీసిన గీతలు

ఫోనుకు ఏ ప్యాక్ వేయించాలి అని అడిగితే రీఛార్జ్ దుకాణంలో మూడు సంగతులు చెబుతారు: రోజుకు ఎన్ని జీబీలు, ఎన్ని రోజుల వ్యాలిడిటీ, ఎంత ధర. ఇంటి పట్టున ఉండేవాడికి ఈ లెక్క సరిపోతుంది. కాళ్ల కింద నేల మారుతూ ఉండే మనిషికి సరిపోదు. అమెరికాలో ఇల్లులాంటి బండి కట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు, పడవల్లో కాపురం ఉండేవాళ్లు నెట్ ప్యాక్ కొనేముందు చూసేది ధర కాదు, తాము వెళ్లే దారిలో ఏ కంపెనీ టవర్లు ఉన్నాయన్నది. వాళ్లది విహారం. పలాస స్టేషన్‌లో మూటాముల్లెలతో రైలెక్కే కూలీది, గుజరాత్‌లోని వెరావల్ రేవులో ట్రాలర్ ఎక్కే మత్స్యకారుడిది బతుకుతెరువు. అయినా ప్రశ్న అదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరం నుంచి పోయినవాళ్లు ఇంటితో మాట్లాడుకున్న పద్ధతుల చరిత్ర చూస్తే ఒక విషయం తేలుతుంది. కదిలే మనిషి ఖర్చును ఎప్పుడూ దూరం నిర్ణయించలేదు. ఎక్కడో ఆఫీసులో గీసిన గీత నిర్ణయించింది. ఆ గీత ఒక్కోసారి నేల మీద, ఒక్కోసారి క్యాలెండర్ మీద పడింది.

ఫోన్లకు ముందు ఉత్తరాల కాలం నుంచే ఈ సంగతి కనిపిస్తుంది. మద్రాసు నుంచి కలకత్తా వైపు రైలు మార్గం ఈ తీరం వెంబడి 1890లలో పడింది. అప్పటికే గంజాం తీరపు రేవులైన గోపాలపురం, కళింగపట్నాల నుంచి స్టీమర్లు కూలీలను రంగూన్ తీసుకుపోతుండేవి. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవు గోదాముల్లో, రిక్షాల దగ్గర తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. బంగాళాఖాతం దాటిన ఆ మనిషి ఇంటికి రాసుకునే ఉత్తరం ఖర్చు మాత్రం పక్క తాలూకాకు రాసే ఉత్తరం ఖర్చే. 1854లో డల్హౌసీ కాలంలో వచ్చిన తపాలా చట్టం దూరంతో పనిలేకుండా ఉత్తరం బరువును బట్టే బిళ్ళ ధర నిర్ణయించింది. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి రంగూన్ కూడా దేశీయ తపాలా పరిధిలోనే ఉండేది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. సముద్రం వెడల్పు ఒక్క గజం పెరగలేదు, అయినా రంగూన్ ఆ రోజు నుంచి పరాయి దేశమైంది. మరో అయిదేళ్లకు జపాన్ దండయాత్రతో ఆ వలసే కూలిపోయింది. ఎందరో కాలినడకన అడవులూ కొండలూ దాటి తిరిగివచ్చారు.

బర్మాను వేరు చేయడానికి సరిగ్గా ఏడాది ముందు, 1936 ఏప్రిల్ 1న, మరో గీత పడింది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాను రెండు ముక్కలు చేశారు. బరంపురం, పర్లాకిమిడి పట్టణాలు అటు పోయాయి. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. జనం మాత్రం ముక్కలు కాలేదు. పెళ్లి సంబంధాలు, వైద్యం, బట్టల కొనుగోలు, చదువు అన్నీ గీతకు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య ఉన్నది మహేంద్రతనయ ఒక్కటే. ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లు. అందుకే ఈ గీతను అరవై ఏళ్ల పాటు రోజువారీ జీవితంలో ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. లెక్కచేయించింది సెల్‌ఫోన్.

1990లలో మొబైల్ లైసెన్సులు ఇచ్చినప్పుడు దేశాన్ని టెలికాం సర్కిళ్లుగా విడదీశారు. అవి దాదాపుగా రాష్ట్రాల హద్దులే. ఆంధ్రప్రదేశ్ ఒక సర్కిల్, ఒరిస్సా ఇంకొకటి. 2014లో రాష్ట్రం విడిపోయినా మొబైల్ కంపెనీల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. దీని ఫలితం చూడండి. కంచిలి నుంచి హైదరాబాద్ వెళ్లి భవనాల పనిలో చేరిన కూలీ ఏడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించినా ఫోను లెక్కలో ఇంట్లో ఉన్నట్టే. అదే ఊరినుంచి బరంపురం ఆసుపత్రికి వెళ్లినవాడు గంట తిరక్కుండానే పరాయివాడు. సరిహద్దు ఊళ్లలో అయితే మనిషి అడుగు కదపకపోయినా ఫోను గాలివాటున అవతలి టవర్‌ను పట్టుకుని రోమింగ్‌లోకి వెళ్లే ప్రమాదం ఉండేది. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితం అయింది కానీ అది సొంత సర్కిల్‌లో ఉన్నవాడికే. గీత దాటినవాడు ఇంటినుంచి వచ్చిన కాల్ ఎత్తినందుకు కూడా డబ్బు కట్టాల్సి వచ్చేది. 2007లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గరిష్ఠ పరిమితి పెట్టాక కూడా రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌కు నిమిషానికి రూపాయీ 75 పైసల వరకు వసూలు చేసే వీలుండేది. 2013లో అది 75 పైసలకు, 2015 మేలో 45 పైసలకు దిగింది. అంతకుముందు ఎస్టీడీ బూత్‌లో రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేదాకా వరుసలో నిలబడినవాడు కనీసం తాను చేసిన కాల్‌కే డబ్బు ఇచ్చేవాడు. సెల్‌ఫోన్ వచ్చాక తల్లి చేసిన కాల్‌కూ ఇచ్చాడు. చెన్నైలోనో సూరత్‌లోనో ఉన్నవాడు మోగుతున్న ఫోను కట్ చేసి, అక్కడి సిమ్ము నుంచి తిరిగి చేయడం అలవాటు చేసుకున్నాడు. రెండు సిమ్ముల ఫోన్లకు ఈ జిల్లాలో వచ్చిన ఆదరణకు పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం.

కంపెనీల వాదన ఒకటుంది, దాన్ని కొట్టిపారేయకూడదు. లైసెన్సు సర్కిల్‌వారీగా కొన్నారు, స్పెక్ట్రమ్ సర్కిల్‌వారీగా కొన్నారు, ఒకచోటి చందాదారుడు మరోచోట మాట్లాడితే మధ్యలో ఒక నెట్‌వర్క్ మరో నెట్‌వర్క్‌కు చెల్లించాలి. ఆ ఖర్చు నిజమే. కానీ అది ఆ స్థాయి రేటుకు సరిపడా ఖర్చు కాదనడానికి రెండు ఆధారాలున్నాయి. ఒకటి, బీఎస్‌ఎన్‌ఎల్ అటూ ఇటూ ఒకే ప్రభుత్వ సంస్థ. తన టవర్ నుంచి తన టవర్‌కే మారిన చందాదారుడి దగ్గర కూడా అది రోమింగ్ వసూలు చేసింది, 2015 జూన్‌లో ఇన్‌కమింగ్ వరకు మాత్రమే మానేసింది. రెండోది ఇంకా బలమైనది. 2016 సెప్టెంబరు 5న జియో దేశమంతా రోమింగ్ లేకుండా మొదలైంది. ఏడు నెలలు తిరక్కుండా, 2017 ఏప్రిల్ 1 నుంచి ఎయిర్‌టెల్ కూడా దేశీయ రోమింగ్ ఛార్జీ ఎత్తేసింది. నిజంగా ఆ ధర ఖర్చులోంచి పుట్టినదైతే అంత తేలిగ్గా మాయమయ్యేది కాదు. ఆ ఏడాదే జూన్ 15న ఐరోపా యూనియన్ తన సభ్యదేశాల మధ్య రోమింగ్ ఛార్జీలు రద్దు చేసింది. అక్కడ చట్టం చేసిన పని ఇక్కడ పోటీ చేసింది. 1854లో అర అణా ఉత్తరానికి దక్కిన సమానత్వం పలాస కూలీ ఫోనుకు దక్కడానికి 163 ఏళ్లు పట్టింది. అందులోనూ మినహాయింపు ఉంది. ఇక్కడ కొన్న ప్రీపెయిడ్ సిమ్ము భద్రతా నిబంధనల వల్ల జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. సైన్యంలో చేరేవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లాకు ఇది చిన్న సంగతి కాదు.

డేటా చవకైంది, రోమింగ్ పోయింది, ఇక కదిలేవాడికీ కుదురుగా ఉన్నవాడికీ తేడా ఏముంది అని అడిగేవారున్నారు. తేడా నేల మీది నుంచి క్యాలెండర్ మీదికి మారింది. 2005 చివర్లో కంపెనీలు లైఫ్‌టైమ్ పథకాలు తెచ్చాయి. ఒకసారి వెయ్యి రూపాయల లోపు కడితే ఇన్‌కమింగ్ ఆగదన్నారు. వలస కుటుంబాలకు అది ఆస్తిలాంటిది, ఎందుకంటే నంబరు బతికుంటే మనిషి దొరుకుతాడు. 2018 చివర్లో ఆ మాట చెల్లకుండా పోయింది. నంబరు పనిచేయాలంటే 28 రోజులకు కనీసం 35 రూపాయలు వేయించాలన్నారు. ఎయిర్‌టెల్ కనీస రీఛార్జ్ 2021 జూలైలో 79కి, 2024 జూలైలో 199కి చేరింది. అందులో డేటా వస్తుందిగా అనవచ్చు. వాడని డేటా కొనిపించడమే ఇక్కడ సమస్య. నంబర్లు పరిమిత వనరు, వాడనివాళ్ల దగ్గర ఊరికే ఉంచలేం, సంస్థలు నష్టాల్లో మునిగాయి అన్న వాదనలో కొంత నిజముంది. అయితే బ్యాంకు ఓటీపీ, ఆధార్, రేషన్, ఉపాధి హామీ కూలి సమాచారం అన్నీ నంబరుకే ముడిపెట్టిన తర్వాత అది కంపెనీ సరుకు మాత్రమే కాదు. ఆ నంబరు పోతే కుటుంబానికి ప్రభుత్వ లెక్కల్లో ఒక చిరునామా పోయినట్టే. 2013 నాటి ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు వాడకపోయినా ఖాతాలో 20 రూపాయలు ఉంటే నంబరు వెంటనే తీసేయకూడదు. 2024 డిసెంబరులో ట్రాయ్ మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పనిసరి చేసి, వాటి గడువును 365 రోజుల దాకా అనుమతించింది. ఈ రెండు సంగతులూ కౌంటర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండాల్సినవి. ఊరినుంచి పోయినవాడి ఇంటి సిమ్ముకు ఇలాంటి మాటల ప్యాక్ వేయించి, పనిచేసే చోట రెండో సిమ్ములో డేటా పెట్టుకోవడం అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు.

నేల మీది గీతలు పోయినా ఒకటి మిగిలింది, తీరరేఖ. భావనపాడు నుంచి ఇచ్ఛాపురం వరకు ఇసుక మీదినుంచే నీళ్లలోకి దించే ఫైబర్ పడవలు చాలావరకు ఏ రోజుకారోజు తిరిగివస్తాయి. వాటిలో కొంత వేట టవర్ అందుబాటులోనే సాగుతుంది. నలభై మీటర్ల టవర్ నుంచి లెక్క ప్రకారం సిగ్నల్ సముద్రం మీద ముప్పై కిలోమీటర్ల దాకా చూడగలదు, ఆచరణలో అంతకన్నా చాలా తక్కువ. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, వేగం కోసం వాడే ఎక్కువ ఫ్రీక్వెన్సీ త్వరగా చచ్చిపోతుంది. కాబట్టి పడవలో ఉన్నవాడికి ఎన్ని జీబీలన్నదానికన్నా తీరంలో ఎవరి టవర్ ఎంత ఎత్తున, ఏ బ్యాండ్‌లో ఉందన్నదే ముఖ్యం. వెరావల్ వెళ్లే కలాసీలది వేరే పరిస్థితి. ట్రాలర్ రేవు వదిలితే పది పదిహేను రోజులు ఏ సిమ్మూ పనిచేయదు. రోజుకు ఒకటిన్నర జీబీ అని కొన్న ప్యాక్ ప్రతి అర్ధరాత్రీ వాడకుండానే చచ్చిపోతుంది. రేవుకొచ్చిన రెండు రోజుల్లో పిల్లలను వీడియోలో చూసుకోబోతే ఆ రోజు కోటా అయిపోతుంది. రోజువారీ పరిమితి లేకుండా మొత్తం డేటా ఒకేసారి ఇచ్చే ప్యాక్ అతనికి న్యాయం చేస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధించిన 61 రోజుల్లో ఇక్కడి మత్స్యకారుడి అవసరం మళ్లీ మారుతుంది. ఏడాది పొడవునా ఒకే రకం ప్యాక్ అతని పని తీరుకు అతకదు.

సముద్రంలో మాట అందకపోవడం ఎంత ప్రమాదమో 2018 నవంబరులో జిల్లాకు తెలిసింది. వెరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. వారిలో ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర తిరిగి మన నేలమీద అడుగుపెట్టారు. ఇది ఫోను ప్యాక్ తీర్చే సమస్య కాదు, హద్దు దాటుతున్నామని చెప్పే పరికరం తీర్చే సమస్య. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019 అక్టోబరులో తెచ్చిన జెమిని పరికరం టవర్ అందని దూరానికి తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం పంపుతుంది, కానీ పడవ నుంచి జవాబు పంపలేదు. 2024 ఆగస్టు 30న మొదలైన పథకంలో 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష పడవలకు ఇస్రో తయారు చేసిన ట్రాన్స్‌పాండర్లు అమర్చాలని నిర్ణయించారు. వాటితో రెండు వైపులా సందేశాలు వెళ్తాయి. మత్స్యకారుడు ఉపగ్రహ ఫోను కొనుక్కోవచ్చుగా అంటే, అనుమతి లేకుండా అది దగ్గరుంచుకోవడమే మన దేశంలో నేరం. అందువల్ల ప్రభుత్వం అమర్చే పరికరం తప్ప అతనికి వేరే దారి లేదు.

నేలమీద కూడా గీత ఒక్క రాత్రిలో తిరిగి రావచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు, టవర్లు కూలాయి. దూర ప్రాంతాల్లో ఉన్న ఉద్దానం బిడ్డల ఫోన్లలో బ్యాలెన్స్ ఉంది, ఊళ్లో ఎత్తేవాడికి సిగ్నల్ లేదు. ఇలాంటప్పుడు ఒక కంపెనీ టవర్ పడిపోతే మరో కంపెనీ టవర్ మీద మాట్లాడనిచ్చే ఏర్పాటు సాంకేతికంగా ఎప్పటినుంచో ఉంది, దాన్ని సర్కిల్ లోపలి రోమింగ్ అంటారు. విపత్తుల్లో దాన్ని ఆదేశించడం ఇప్పుడు అలవాటైంది. 2025 జనవరిలో కేంద్రం, డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన టవర్ల దగ్గర జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ చందాదారులెవరైనా ఏ కంపెనీ 4జీ అయినా వాడుకోవచ్చని ప్రకటించింది. కంపెనీలు తమ డబ్బుతో కట్టిన టవర్లను పంచుకోమనడం అన్యాయమన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి తగిన అద్దె ట్రాయ్ నిర్ణయించవచ్చు. అందరి టవర్లూ పంచుకోవడం కుదరకపోతే, కనీసం వజ్రపుకొత్తూరు నుంచి కవిటి దాకా సముద్రం వైపు చూసే టవర్లన్నిటికీ ఆ నియమం వర్తించాలి, తుపాను వచ్చిన మర్నాడు కాక మామూలు రోజుల్లోనే. పడవలో ఉన్నవాడు ఏ కంపెనీ సిమ్ము కొన్నాడన్నది ఒడ్డు మీద టవర్‌కు అనవసరం.