తూకానికి చిక్కని అన్నము

కర్నూలు, కడప సీమలలో తరతరాలుగా చెప్పుకొన్న మాట ఒకటి ఉన్నది: ధాత కరువు. ధాత నామ సంవత్సరము, అంటే 1876-77, వానలు తప్పిన ఏడు. 1878 దాకా సాగిన ఆ క్షామములో జొన్న, కొర్ర పండే చేలు బీటలు వారినవి. పశువులు పోయినవి. ఊళ్లు పాడుపడినవి. 1871 జనాభా లెక్కకు, 1881 లెక్కకు నడుమ కర్నూలు జిల్లా జనములో సుమారు నాలుగోవంతు తగ్గిపోయినది.

ఆనాడు దొరతనము వారి ముందు నిలిచిన ప్రశ్న ఒకటే: మనిషి ప్రాణము నిలుపుకొనుటకు రోజుకు ఎంత ధాన్యము కావలెను? 1877 జనవరిలో కరువు పరిశీలనకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనిలోని మగవానికి ఒక పౌను ధాన్యము, దానిపైన అర్ధణా చాలునన్నాడు. పౌను అంటే ఇప్పటి లెక్కలో సుమారు 450 గ్రాములు. మద్రాసు రాజధాని పారిశుధ్య కమిషనరు డాక్టరు కార్నిష్ దీనిని ఎదిరించినాడు. రోజంతా మట్టి మోసే మనిషికి ఆ గింజలు చాలవని, పప్పు మొదలైనవి కూడ ఉండవలెనని వాదించినాడు. ఆ సంవత్సరములోనే ఆ కూలిని తిరిగి పెంచక తప్పలేదు.

ఈ వాదమంతా తక్కెడకు సంబంధించినది. కాని సహాయ శిబిరములలోని వైద్యులు తక్కెడకు అందని విషయమును ఒకదానిని చూచినారు. చాలకాలము ఆకలితో ఉండి శిబిరమునకు చేరినవారిలో ఎందరో, అన్నము దొరికిన తరువాత కూడ కోలుకోలేదు. విరేచనములు పట్టుకొని చనిపోయినారు. ఆ కరువు వ్యాధులను గురించి 1889లో గ్రంథము ప్రకటించిన డాక్టరు అలెగ్జాండర్ పోర్టర్, మృతుల శరీరములను పరీక్షించినప్పుడు ప్రేగులు పలుచబడి, క్షీణించి ఉండుట గమనించినాడు. మన ఇండ్లలో అమ్మలు అనే మాటలో ఈ సత్యమంతా ఇమిడి ఉన్నది: తినడము వేరు, తిన్నది ఒంటబట్టడము వేరు.

ఈ రెంటికి నడుమ జరిగేది ఏమిటి? ఈ ప్రశ్న చరిత్రలో మన తెలుగువాడు ఒకరు తారసిల్లుతారు. 1895లో భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఈ బాధను పుస్తకములలో చదువక ముందే ఇంటిలో చూచినారు. తిన్నది ఒంటబట్టనీయక మనిషిని కృశింపజేసే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను బలి తీసుకొన్నది. దానినే మన వైద్యులు గ్రహణి అంటారు. ఆయనకు కూడ ఆ జబ్బు వచ్చినది. డాక్టరు ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడినారు. తరువాత అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి అయినారు. 1945లో అక్కడ ఆయన బృందము కృత్రిమముగా తయారు చేసిన ఫోలిక్ ఆమ్లము ఆ స్ప్రూ రోగులకే మందుగా ఉపకరించినది.

ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1948లో లోకమునకు వెల్లడి అయినది. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూసినారు. తరువాత జరిగిన ఒక సంగతిని ఆయన చూడలేదు. అక్కడి శాస్త్రజ్ఞులు థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లల మేతలో కలుపుటకు బి12 విటమిను కోసము వెదుకుతూ, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని వాటికి పెట్టి చూచినారు. విటమినుతో వచ్చే ఎదుగుదలకంటె ఎక్కువగా పిల్లలు ఎదిగినవి. 1950లో ఈ సంగతి ప్రకటించినారు. అటుపిమ్మట పలు దేశములలో పశువులకు, కోళ్లకు బరువు పెంచుటకై యాంటీబయాటిక్కులు మేపుట వ్యాపారమైనది. యూరపు దేశముల కూటమి 2006లో ఆ పద్ధతిని నిషేధించినది.

ఇక్కడ ఆలోచించవలసినది ఒకటి ఉన్నది. యాంటీబయాటిక్ అన్నము కాదు. సూక్ష్మజీవులను చంపే మందు. దానివలన బరువు ఏల పెరుగవలెను? ప్రేగులలో కాపురమున్న సూక్ష్మజీవులకు ఎదుగుదలతో సంబంధము ఉన్నదని ఆ కోడిపిల్లలు చెప్పకయే చెప్పినవి.

దానిని తేటపరచుటకు అర్ధశతాబ్దము పట్టినది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో జెఫ్రీ గోర్డన్ బృందము, పుట్టినది మొదలు ఏ సూక్ష్మజీవియు సోకకుండ పెంచిన ఎలుకలను తీసుకొన్నది. మామూలు ఎలుకల ప్రేగులలోని సూక్ష్మజీవులను వాటికి చేర్చగా, రెండు వారములలో వాటి ఒంటి కొవ్వు 60 శాతము పెరిగినది. అవి తిన్న మేత మాత్రము మునుపటికంటె తక్కువ. ఇది 2004 నాటి మాట. 2006లో లావు ఎలుకల సూక్ష్మజీవులను చేర్చినప్పుడు, సన్న ఎలుకల సూక్ష్మజీవులను చేర్చినప్పటికంటె కొవ్వు ఎక్కువ పెరిగినది. 2013లో ఈ కథకు రెండవ వైపు కూడ కనిపించినది. ఆఫ్రికాలోని మలావీ దేశములో, ఒకే ఇంటి తిండి తినే కవల పిల్లలలో ఒకరికి తీవ్రమైన పోషకాహార లోపము, మరొకరికి ఆరోగ్యము. జబ్బుపడిన బిడ్డల సూక్ష్మజీవులను ఎలుకలకు చేర్చి ఆ దేశపు తిండే పెట్టగా, అవి ఎక్కువగా చిక్కిపోయినవి. స్థూలకాయమునకు, శుష్కించుటకు రెంటికిని ఈ కంటికి కనబడని కాపురస్థులతో చుట్టరికము ఉన్నదన్నమాట.

ఇది విని, మంచి బాక్టీరియాను సీసాలో కొని త్రాగితే లావు తగ్గునని తొందరపడరాదు. పులిసిన పాలలోని జీవులు ఆయుష్షును పెంచునని పారిస్ పాస్టర్ సంస్థలోని మెచ్నికాఫ్ 1907లో వ్రాసిననాటి నుండి ఆ ఆశ లోకమును విడువలేదు. కాని ప్రోబయాటిక్కులతో మనుష్యులపై జరిగిన పరీక్షలలో బరువు తగ్గుట స్వల్పము. ఫలితము కూడ ఒక్కొక్క చోట ఒక్కొక్క విధము. ఎలుకకు జరిగినదంతా మనిషికి జరుగదు.

మా అవ్వ రాత్రి రాగిపిండిని నీళ్లలో కలిపి ఉంచి, తెల్లవారి అంబలి కాచి, చల్లారినాక మజ్జిగ పోసి ఇచ్చేది. రాత్రి పిండిని పులియజేసిన జీవులు కాచినప్పుడు చాలవరకు చచ్చిపోతాయి; మజ్జిగలోనివి సజీవముగా లోపలికి పోతాయి. అవి కూడ చాలవరకు దారినపోయే చుట్టములే, అక్కడ స్థిరపడవు. అయితే రాగి, కొర్ర, జొన్నలలోని పీచు పదార్థము మనకు అరుగక, లోపలి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఆ కుండ గొప్పతనము మహిమ కాదు, అలవాటు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. కరువు సీమలో అది ఎన్నో పొయ్యిలను వెలిగించినది, దానిని తప్పుపట్టరాదు. కాని సంగటి ముద్ద చిన్నదైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో మూడవ వంతుకు పైగా అధిక బరువు గలవారు. ఐదేళ్లలోపు పిల్లలలో పదింట ముగ్గురు వయసుకు తగిన ఎత్తు ఎదగనివారు. ఒకే రాష్ట్రములో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో, రెండు బాధలు కాపురము చేస్తున్నవి.

లావుగా ఉన్న కోడలిని తిండిపోతు అనుట, చిక్కిన బిడ్డను చూచి తల్లి పెట్టలేదనుట మనకు సులభము. టెంపుల్ దొర తక్కెడ కూడ అటువంటిదే: కనిపించినదానిని మాత్రమే తూచినది. వైద్యుడు చెప్పనిదే యాంటీబయాటిక్ మింగకుండుట, పళ్లెములో రాగికి, కొర్రకు, పప్పుకు, ఆకుకూరకు తిరిగి చోటిచ్చుట మన చేతిలోని పనులు. అంతకంటె ముందు చేయవలసినది, ఎదుటివారి శరీరమును చూచి తీర్పు చెప్పే అలవాటును మానుకొనుట. తూకానికి చిక్కని అన్నము ఒకటి ఉన్నదని ధాత కరువులో మరణించినవారు మనకు చెప్పి పోయినారు.