నేల విడవని సాము

ఫాల్కన్ 4.0 అనే కంప్యూటర్ ఆట 1998 డిసెంబరులో అమ్మకానికి వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 1999 డిసెంబరులో, దాన్ని తయారుచేసిన బృందాన్ని యజమానులు ఇంటికి పంపేశారు. ఆట మాత్రం పాతికేళ్లు దాటినా కొత్త కొత్త రూపాల్లో వస్తూనే ఉంది. ఇన్నేళ్లుగా దాన్ని మోసింది జీతగాళ్లు కాదు, ఆడుకునేవాళ్లే. యుద్ధవిమానాల సిమ్యులేటర్ల సరదా గురించి చెప్పుకోవాలంటే ఈ వింత దగ్గరికి రాక తప్పదు. కానీ అసలు మొదలు కంప్యూటర్లో లేదు. పియానోల కార్ఖానాలో ఉంది.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ అనే కుర్రాడి తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కంపెనీ ఉండేది. కొడుక్కి విమానం నడపాలని పిచ్చి. నేర్పేవాళ్లు గంటల లెక్కన అడిగే డబ్బేమో తలకు మించిన భారం. ఆర్గన్‌లోకి గాలి పంపే తిత్తులను తెచ్చి, పొట్టి రెక్కలు తగిలించిన ఒక చెక్క డబ్బా కింద బిగించాడు. లోపల కూర్చుని కర్ర కదిలిస్తే తిత్తులు ఉబ్బుతూ తగ్గుతూ డబ్బాను ముందుకు వంచేవి, పక్కకు ఒరిగించేవి. 1929లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. విమానం నేర్పే బడులు దాన్ని చూసి నవ్వుకున్నాయి. కొన్నవాళ్లు ఎవరంటే, రంగులరాట్నాలు నడుపుకునే వినోదశాలల యజమానులు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం విమానాల్లో ఉత్తరాలు మోసే పనిని ప్రైవేటు కంపెనీల చేతుల్లోంచి తీసి సైన్యానికి అప్పగించింది. మబ్బుల్లో, మంచులో బయటేమీ కనపడనప్పుడు మీటర్లు చూసి నడపడం సైనిక పైలట్లకు అలవాటు లేదు. కొద్ది వారాల్లోనే ఒకరి తర్వాత ఒకరు కూలిపోయి చనిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది బింగమ్‌టన్ డబ్బా. మాట్లాడదాం రమ్మని పిలిస్తే, దారి కనపడని పొగమంచులో లింక్ తానే విమానం నడుపుకుంటూ వచ్చి దిగాడని చెబుతారు. ఇంక బేరం ఏముంటుంది? ఒక్కోటి 3,500 డాలర్ల చొప్పున ఆరు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోగా పదివేల పైచిలుకు తయారయ్యాయి. ఆటసామానుగా పుట్టినది బడిసామాను అయింది. మళ్లీ ఆటసామాను కావడానికి కంప్యూటర్ రావాల్సి వచ్చింది.

ఆ పని చేసినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1975లో ఆయన రాసిన థీసిస్, విమానం కదలికను కంప్యూటర్ తెర మీద అప్పటికప్పుడు గీసి చూపించడం ఎలా అన్నదాని గురించి. 1980 నాటికి అది యాపిల్-2 కంప్యూటర్ మీద నడిచే ఆటగా మారింది. తెర మీద అన్నీ గీతలే. నాలుగు గీతలైతే రన్‌వే, మూడైతే కొండ. ఆ పేదరికంలో కూడా ఆర్ట్‌విక్ మొదటి ప్రపంచ యుద్ధపు డాగ్‌ఫైట్, అంటే గాల్లో విమానాల పోరు, ఒకటి ఇరికించాడు. 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్‌లోనూ ఆ యుద్ధం ఉంది. అంటే శాంతంగా ఎగిరే సిమ్యులేటర్ ముందు పుట్టి, తుపాకులు తర్వాత తగిలించారనుకోవడం పొరపాటు. రెండూ కవలలు.

అదే 1982లో లాస్ వేగస్‌లో బిల్ స్టీలీ అనే వాయుసేన పైలట్, సిడ్ మేయర్ అనే ప్రోగ్రామర్ నాణెం వేసి ఆడే ఒక విమాన యుద్ధపు మిషన్ దగ్గర పోటీ పడ్డారు. పైలట్ ఓడిపోయాడు. ఎలా గెలిచావంటే, శత్రు విమానాలు ఏ లెక్క ప్రకారం కదులుతున్నాయో కనిపెట్టానన్నాడు మేయర్. ఇంతకంటే మంచిది నేనే రాస్తానన్నాడు. నువ్వు రాస్తే నేను అమ్ముతానన్నాడు స్టీలీ. అలా పుట్టింది మైక్రోప్రోజ్ కంపెనీ. వాళ్ల ఎఫ్-15 స్ట్రైక్ ఈగిల్ ఇంటింటి ఆట అయింది. ఆ తర్వాతి పదిహేనేళ్లలో వచ్చిన ఆటలన్నీ ఏకరువు పెట్టను. పెరిగింది ఒక్కటే: పుస్తకం మందం. ఆ కంపెనీ పేరు మీదే వచ్చిన ఫాల్కన్ 4.0 పెట్టె తెరిస్తే దాదాపు ఆరువందల పేజీల మాన్యువల్ చేతిలో పడేది. కొన్న రోజే ఎగరాలనుకున్నవాళ్లకు ఆ ఆట అచ్చిరాలేదు.

ఇక మన దగ్గర. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు విమానం అంటే దుబాయ్, మస్కట్. కోరుట్ల మీదుగా నిజామాబాద్ పోయే రైలుమార్గం 2017లో గానీ పూర్తి కాలేదు. సిరిసిల్ల లైను ఇంకా పనుల్లోనే ఉంది. గల్ఫ్ విమానాలు ఎక్కడం మాత్రం అంతకు కొన్ని దశాబ్దాల ముందే మొదలైంది. రైలు ముఖం చూడకుండానే విమానం ఎక్కినవాళ్లు ఉన్న అరుదైన సీమ ఇది. టేప్ రికార్డర్లూ కెమెరాలూ వచ్చిన సూట్‌కేసుల్లోనే తర్వాత తర్వాత ల్యాప్‌టాప్‌లూ వచ్చాయి. 2000 తర్వాత ఊరూరా నెట్ సెంటర్లు వెలిస్తే పిల్లలు ఐజీఐ, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ ఆడారు. సిమ్యులేటర్ అక్కడ బతికే ఆట కాదు. గంటకు ఇంతని మీటరు తిరుగుతుంటే ఫాల్కన్‌లోని ఎఫ్-16 ఇంజన్ స్టార్ట్ చేసి, రన్‌వే దాకా నడిపించేసరికే సగం డబ్బు అయిపోతుంది. పైగా కరెంటు కోత. శత్రువు తోక పట్టుకున్న క్షణంలో పోయేది. ఈ సరదాకు సొంత గది, సొంత కంప్యూటర్, అడ్డుపడని ఇంటివాళ్లు కావాలి. అందుకే మన దగ్గరికి ఆలస్యంగా, ఇంటర్నెట్ చౌకయ్యాక వచ్చింది.

మళ్లీ ఫాల్కన్ దగ్గరికి వస్తాను. ఆ ఆట గొప్పతనం విమానంలో కంటే యుద్ధంలో ఉంది. కొరియా ద్వీపకల్పంలో ఒక పూర్తి యుద్ధం కంప్యూటర్ లోపల దానంతట అది నడుస్తుంది. మీరు ఎగిరినా పడుకున్నా ట్యాంకులు కదులుతాయి, వంతెనలు కూలతాయి, మరమ్మతు అవుతాయి. నిన్న మీరు వదిలేసిన రాడార్ రేపు మీ మీదికే క్షిపణిని పంపిస్తుంది. ఇంత పెద్ద యంత్రాంగాన్ని తప్పుల తడకగా, హడావుడిగా మార్కెట్లో వదిలారు. బృందాన్ని తీసేశాక దిద్దేవాడు లేడు. 2000 ఏప్రిల్‌లో ఆట మూలకోడ్ ఇంటర్నెట్‌లో బయటపడింది. బయటపెట్టింది తానేనని బృందంలో పనిచేసిన ఒక ప్రోగ్రామర్ తర్వాత ఒప్పుకున్నాడు.

చట్టం ప్రకారం అది దొంగసొత్తే. కానీ తర్వాత జరిగింది చూడండి. లోకం నలుమూలలా ఉన్న ఆటగాళ్లు, అందులో ఇంజనీర్లు, నిజం పైలట్లు, చదువుకునే పిల్లలు ఆ కోడ్‌ను విప్పుకుని కూర్చున్నారు. సిరిసిల్లలో భీవండి నుంచి పాతవి కొనుక్కొచ్చిన సాంచెలను, అంటే మరమగ్గాలను, ఏళ్ల తరబడి నడిపించే రిపేరు మనిషిని గుర్తుచేసుకుంటే వీళ్లు అర్థమవుతారు: చేసిన కంపెనీ ఎటు పోయిందో తెలియదు, విడిభాగం దొరకదు, అయినా మగ్గం ఆగదు. ఈఫాల్కన్, సూపర్‌పాక్, ఫ్రీఫాల్కన్, ఓపెన్‌ఫాల్కన్ అని బృందాలు చీలాయి, కలిశాయి, మళ్లీ చీలాయి. కోడ్ ఎవరిదన్న తగాదాలు ఉమ్మడి ఆస్తి పంపకాలను మించి సాగాయి. చివరికి నిలబడింది బెంచ్‌మార్క్ సిమ్స్ అనే బృందం. వాళ్ల ఫాల్కన్ బీఎంఎస్ 4.32 రూపం 2011లో వచ్చింది. ఆ తర్వాత కూడా ఆగలేదు. పూర్తిగా ఉచితం. ఒకటే షరతు, 1998 నాటి అసలు ఆటను మీరు కొని ఉండాలి; లేకపోతే ఇది మొదలవదు. దొంగసొత్తుతో మొదలై ఇంత మర్యాదగా ముగిసిన కథ ఆటల లోకంలో ఇంకొకటి నాకు తోచడం లేదు. 2023లో ఫాల్కన్ హక్కులు మైక్రోప్రోజ్ అనే పేరు కిందికే తిరిగొచ్చాయి, మనుషులు వేరు.

రష్యా నుంచి వచ్చిన ఐఎల్-2 స్టుర్మోవిక్ కథ ఇంకో దారి పట్టింది. ఒలెగ్ మాడాక్స్ 2001లో విడుదల చేసిన ఈ రెండో ప్రపంచ యుద్ధపు ఆటలో విమానం పైరంగు తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా ఫైళ్లకు తాళం వేశారు. ఆరేళ్లకు, 2007లో, ఎవరో తాళం పగలగొట్టారు. ఆటగాళ్లు రెండు పార్టీలయ్యారు. కొత్త విమానాలు, కొత్త చప్పుళ్లు, కొత్త ద్వీపాలు వస్తాయని ఒక పార్టీ సంబరపడితే, ఆన్‌లైన్ పోరులో తన తుపాకీ బలం పెంచుకుని వచ్చేవాణ్ని ఎలా పట్టుకుంటామని రెండోది మండిపడింది. నా మటుకు నాకు రెండో పార్టీ భయమే న్యాయంగా తోస్తుంది. కానీ ఆటను ఇంతకాలం ఆడించింది మాత్రం మొదటి పార్టీ. తర్వాత టీమ్ డెడలస్ అనే అభిమానుల బృందం తయారుచేసిన మార్పులు, మాడాక్స్ ఆమోదంతోనే 2010లో 4.10 రూపంగా వెలువడ్డాయి.

తాళం పడి ఉండిపోతే ఏమవుతుందో చూడాలంటే డీసీఎస్ అనే సిమ్యులేటర్ వైపు చూడాలి. దాన్ని తయారుచేసే ఈగిల్ డైనమిక్స్ రష్యాలో పుట్టి, 1995లో సుఖోయ్-27 ఆటతో మొదలుపెట్టి, అమెరికా ఎయిర్ నేషనల్ గార్డ్‌కు ఏ-10 విమానం నేర్పే డెస్క్‌టాప్ సిమ్యులేటర్ చేసి, దాన్నే సరళం చేసి ఆటగా అమ్మిన సంస్థ. లింక్ డబ్బా వెళ్లిన దారికి ఇది తిరుగుదారి. డీసీఎస్‌లో ఒక్కో విమానాన్నీ విడిగా కొనుక్కోవాలి, కొన్నిటిని బయటి సంస్థలు చేస్తాయి. వాటిలో రేజ్‌బామ్ చేసిన ఎఫ్-15ఈ 2023లో వచ్చింది. 2024లో చెల్లింపుల దగ్గర ఇరుపక్షాలకూ తగాదా బయటపడి, చేసినవాళ్లు పని ఆపేశారు. ఎవరి వాదన వారిది. కొన్నవాళ్లలో బాగుచేయగల చేతులు ఉన్నా, విప్పుకోవడానికి కోడ్ లేదు.

అయినా డీసీఎస్ అంచుల్లో మాడర్లకు, అంటే ఆటకు సొంతంగా మార్పులు చేర్చే అభిమానులకు, చోటుంది. మన వాయుసేన వాడే సుఖోయ్-30 ఎంకెఐ అందులో అమ్మకానికి లేదు; అభిమానులే తయారుచేసి ఉచితంగా పెట్టారు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వాయుసేన వీడ్కోలు చెప్పిన మిగ్-21, బిస్ రకంలో 2014 నుంచే అక్కడ ఉంది. ల్యాండింగ్‌లో ఆ విమానం ఎంత మొండిదో మన పైలట్లు చెబితే విన్నాం. దాన్ని కుర్చీలో కూర్చుని నాలుగుసార్లు నేలకేసి కొట్టాక ఆ మాటలు వేరేగా వినిపిస్తాయి.

మాడింగ్‌లో అందరికీ అందే మెట్టు విమానానికి రంగు వేయడం. పాత ఐఎల్-2లో అది 1024 చుక్కల వెడల్పూ అంతే ఎత్తూ ఉన్న ఒక బొమ్మ ఫైలు, 256 రంగులు, అంతే. పెయింట్ తెలిసినవాడెవడైనా వేయవచ్చు. మనవాళ్లు వేయాల్సిన విమానాలు కొన్ని చరిత్రలో సిద్ధంగా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాయుసేన 110వ దళానికి డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. అందుకే దాని పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. ఒక్కో విమానం మీదా నిజాం కానుక అని రాయించారు. 1918 శరత్తులో అవి జర్మనీ పట్నాల మీద బాంబులు వేయడానికి వెళ్లి చాలావరకు తిరిగి రాలేదు. అక్టోబరు 5న శత్రువుల చేతికి చిక్కిన ఎఫ్1010 అనే విమానం బెర్లిన్ ప్రదర్శనశాలలో ఉండి, రెండో యుద్ధంలో పోలండ్ చేరి, 1977లో బ్రిటన్ వెళ్లింది. ఇప్పుడు లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. అప్పట్లో జగిత్యాల నిజాం రాజ్యంలోని తాలూకా. ఆ రెక్కల్లో ఇక్కడి రైతు కట్టిన శిస్తు ఎంతో కొంత ఉండే ఉంటుంది.

రెండో యుద్ధంలో హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు 152వ దళానికీ వచ్చింది. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో ఇంగ్లండ్ దక్షిణ తీరం దగ్గరి వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడిన దళం ఇది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. తర్వాత బర్మా యుద్ధానికి వచ్చినప్పుడు దాని స్పిట్‌ఫైర్ల పక్కల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. తెలుగు నేల పేరు మోసిన స్పిట్‌ఫైర్‌ను తెర మీద నడపాలనుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఈ చిరుత దగ్గరే.

ఇప్పటి సంగతి ఇంకా దగ్గరిది. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ల ఉమ్మడి కర్మాగారం ఎఫ్-16 రెక్కను తయారుచేసి 2021లో ఆమోదం పొందింది. ఆ పక్కనే టాటా బోయింగ్ కర్మాగారం 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు తయారుచేసి పంపుతోంది. డీసీఎస్‌లో అపాచీ 2022లో వచ్చింది. సైన్యానికి శిక్షణ సిమ్యులేటర్లు చేసే జెన్ టెక్నాలజీస్ 1993 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. బీటెక్ కుర్రాళ్లు రాత్రి ఆడేదానికీ పగలు చేయబోయే ఉద్యోగానికీ మధ్య దూరం జగిత్యాల నుంచి నాలుగైదు గంటల బస్సు ప్రయాణం.

ఖర్చు మాట ఒకటి మిగిలింది. ఈ సరదాలో మంచి జాయ్‌స్టిక్ తర్వాత అవసరమైనది తల తిప్పితే తెర మీద చూపు తిరిగే ఏర్పాటు; అది లేకపోతే డాగ్‌ఫైట్‌లో శత్రువు ఎటు పోయాడో తెలియదు. దాన్ని అమ్మే కంపెనీలున్నాయి, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయం చవక. పాత వెబ్‌క్యామ్ విప్పి, లోపల ఇన్‌ఫ్రారెడ్ వెలుగును ఆపే చిన్న గాజుపలకను తీసేస్తారు. దాని బదులు ఫ్లాపీ డిస్కులోని నల్ల ఫిల్మ్ ముక్క పెడతారు. మామూలు వెలుగు ఆగిపోయి ఇన్‌ఫ్రారెడ్ మాత్రం లోపలికి వస్తుంది. టోపీకి మూడు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు బిగించి, ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే పని అయిపోతుంది. ఇప్పుడు ఆ ప్రోగ్రామే మామూలు వెబ్‌క్యామ్‌తో ముఖాన్ని నేరుగా గుర్తుపట్టడం నేర్చింది. టోపీ, ఫ్లాపీ రెండూ లేకపోయినా ఎగరవచ్చు. కాకపోతే గదిలో వెలుగు సరిగా లేనప్పుడు ముఖం దగ్గర అది తడబడుతుంది. రాత్రిపూట ఆడేవాళ్లు టోపీ చేసుకోవడమే మేలు.