ఇంజనీరు చదువు – మనవాళ్ళు ఎక్కిన మెట్లు, ఎక్కవలసిన మెట్లు



మన సంఘం సావనీరులో ప్రతి ఏడూ స్కాలర్‌షిప్పు పొందిన పిల్లల పేర్లు అచ్చు వేసుకుంటున్నాము. సంతోషించవలసిన సంగతే. కాని ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారు? ఇంజనీరింగు సీటు వచ్చిందని మిఠాయి పంచుకుంటాము. నాలుగేళ్ళు తిరిగాక ఆ బిడ్డ ఎక్కడున్నాడు, చదివిన చదువుకు తగిన పని దొరికిందా అని అడగడం మరిచిపోతాము. సైన్సులోనూ, ఇంజనీరింగులోనూ ఒక మనిషి పైకి రావడానికి ఎవరెవరి ఆసరా కావలసి వచ్చిందో చరిత్రలోంచి నాలుగు ముక్కలు చెప్పుకుంటే మనం చేయవలసినదేమిటో తెలుస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఇంజనీరు పని విలువ కోనసీమ వాళ్ళకి ఒకరు చెప్పనక్కరలేదు. మనం తినే అన్నం కాలవ నీళ్ళ అన్నం. 1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన గోదావరి సీమను కుదేలు చేశాయి. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేల రాతను మార్చింది. ఆ తర్వాత వైనతేయ పాయ మీద గన్నవరం దగ్గర 49 కమానులతో అక్విడెక్టు కట్టారు. కింద ఏరు, పైన కాలవ. రాజోలు వైపు చేలకు నీళ్ళు అలా చేరాయి. ఆ పక్కనే ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్త అక్విడెక్టు ఉన్నది. పాతదాని కమానులు చూస్తే ఈనాటికీ ముచ్చట వేస్తుంది.

కాటన్ దొర పటం లేని ఊరు మన వైపు తక్కువ. ఆయన పని ఎలా నేర్చుకున్నాడో మాత్రం మనలో చాలామందికి తెలియదు. కంపెనీ వారి సైనిక పాఠశాలలో చదివి 1821లో, పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో మద్రాసు వచ్చాడు. తంజావూరు సీమలో చోళరాజుల కాలం నాటి కల్లణైను చూసి, ఇసుక పర్ర మీద రాతికట్ట ఎలా నిలుస్తుందో మన పాతకాలపు పనివాళ్ళ పనిలోంచి నేర్చుకున్నాడు. కొల్లిడం మీద ఆ పాఠం సాధన చేసి, తర్వాత గోదావరికి వచ్చాడు. ధవళేశ్వరంలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన స్వదేశీ ఉద్యోగి వీణెం వీరన్న గారు. గన్నవరం అక్విడెక్టు పని నడిపించినవాడు హేగ్ అనే చిన్న వయసు ఇంజనీరు. అంటే చదువు బడిలో మొదలైనా, ఇంజనీరు తయారయ్యేది పని దగ్గరే. ఒక పెద్దవాడు చెయ్యి పట్టుకుని చూపిస్తే, చిన్నవాడికి బాధ్యత అప్పగిస్తే, అప్పుడు తయారవుతాడు.

ఇక మనవాళ్ళ సంగతి. బీజగణితానికి పునాది వేసిన అల్ ఖ్వారిజ్మీ గురించి, నీళ్ళు తోడే యంత్రాల మీద 1206లో గ్రంథం రాసిన అల్ జజరీ గురించి సభల్లో గొప్పగా చెప్పుకుంటాము. చెప్పుకోవలసినదే. అయితే వాళ్ళ పేర్లతో మన పిల్లలకి ఉద్యోగాలు రావు. కాబట్టి మనకు దగ్గరివాళ్ళ గురించి చెప్పుకుందాము.

హైదరాబాదు రాజ్యంలో మీర్ అహ్మద్ అలీ అనే కుర్రవాడు 1877లో పుట్టాడు. నిజాం కాలేజీలో చదివాడు. చదువులో చురుకైనవాడని గుర్తించి ప్రభుత్వం వారు స్కాలర్‌షిప్పు ఇచ్చి 1896లో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కాలేజీకి పంపారు. తిరిగివచ్చి పబ్లిక్ వర్క్సులో అసిస్టెంటు ఇంజనీరుగా చేరి, మెట్టు మెట్టుగా చీఫ్ ఇంజనీరు స్థానం దాకా ఎదిగారు. ఆయనే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదును కాపాడే పథకాన్ని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు రూపొందించగా, అందులో భాగమైన హిమాయత్‌సాగర్ అలీ నవాజ్ జంగ్ గారి కాలంలోనే 1927లో పూర్తయింది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయన పేరు నిలబెట్టింది. మంజీర గోదావరిలో కలిసే నదే. ఆయన కట్టిన కట్ట దాటి వచ్చిన నీళ్ళలో కొంత మన గౌతమి, వశిష్ఠ పాయల్లోకీ వస్తుందన్న మాట. 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి ఆయనను అధ్యక్షుడిగా పెట్టుకున్నారు. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి ఇంజనీర్ల దినంగా జరుపుతున్నది. ఆనాడు ఆ స్కాలర్‌షిప్పు లేకపోతే ఆయన సముద్రం దాటి ఆ చదువు చదివేవారా అని ఆలోచించండి.

సైంటిస్టుల్లో డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ గారిని చెప్పుకోవాలి. ఆక్స్‌ఫర్డులోనూ, జర్మనీలోని హైడెల్‌బర్గులోనూ రసాయనశాస్త్రం చదివారు. 1948లో హైదరాబాదు ప్రయోగశాలకు డైరెక్టరై, తర్వాత రీజనల్ రీసెర్చి లాబరేటరీ అని పేరుబడిన ఆ సంస్థను 1962 దాకా నడిపి, అక్కడినుంచి సి.ఎస్.ఐ.ఆర్. మొత్తానికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆయన లాబరేటరీలో ఎదిగిన బయోకెమిస్ట్రీ విభాగమే 1977లో సి.సి.ఎం.బి.గా రూపుదాల్చింది. పెద్ద ఉద్యోగి అయినవాడు తన కింద నలుగురు ఎదగడానికి చోటు ఇస్తే, ఒక విభాగం పెద్ద సంస్థే అవుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

అబ్దుల్ కలాం గారి జీవితం పిల్లలందరికీ తెలిసినదే. అయినా రెండు సంగతులు మళ్ళీ గుర్తు చేస్తాము. మద్రాసు ఎం.ఐ.టి.లో సీటు వచ్చినప్పుడు చేరడానికి సుమారు వెయ్యి రూపాయలు కావలసి వచ్చింది. రామేశ్వరంలోని ఆ ఇంట్లో అంత డబ్బు లేదు. అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. ఇది మొదటిది. చదువయ్యాక వైమానిక దళంలో చేరాలని డెహ్రాడూన్ వెళ్తే ఎనిమిదిమందిని తీసుకున్నారు, ఈయనది తొమ్మిదో స్థానం. ఇది రెండోది. ఆ ఓటమితో ఆయన ఇంటికి తిరిగిపోలేదు. 1980లో ఎస్.ఎల్.వి.-3 మన శ్రీహరికోట నుంచి పైకి లేచింది. 1982లో హైదరాబాదు డి.ఆర్.డి.ఎల్.కు డైరెక్టరై వచ్చారు. మొదటి మెట్టు దగ్గర ఒక అక్క ఉన్నది. తర్వాతి మెట్ల దగ్గర తీర్చిదిద్దిన గురువులు, అవకాశమిచ్చిన సంస్థలు ఉన్నాయి. ఒంటరిగా ఎవరూ ఎక్కలేదు.

మన కోస్తాకు వద్దాము. ఒకప్పుడు ఇంజనీరు కావాలంటే మద్రాసు గిండీ కాలేజీయే మనవైపు ఎక్కువమందికి దిక్కు. 1946లో విశాఖపట్నం పేరుతో ఏర్పడిన కాలేజీ కాకినాడలో స్థిరపడి, 1972లో జె.ఎన్.టి.యు.లో చేరి, 2008లో స్వంత యూనివర్సిటీ అయింది. కాకినాడ దూరమేమీ కాదు. కాని అమలాపురం నుంచి అక్కడికి వెళ్ళాలంటే ముక్తేశ్వరం – కోటిపల్లి రేవులో పంటు కోసం కాచుకోవలసిన రోజులుండేవి. 2002లో ఎదుర్లంక – యానాం వంతెన వచ్చి దారి సుఖపడింది. అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కాలేజీ 1951 నుంచి ఉన్నది. 1997లో ఓడలరేవులో ఇంజనీరింగు కాలేజీ కూడా వచ్చింది. చదువు మన గుమ్మంలోకి వచ్చినట్లే.

పనీ మన గుమ్మంలోకే వచ్చింది. మన పొలాల కింద గ్యాసు ఉన్నది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ మంట ఆర్పడానికి విదేశీ నిపుణులు రావలసి వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ గాయం ఇంకా మానలేదు. పైపుల భద్రత, తుప్పు పరీక్ష, అగ్నిప్రమాదాల నివారణ – ఇవన్నీ ఇంజనీరింగులో ప్రత్యేకమైన పనులు. ఆ పైపులు మన ఇళ్ళ పక్కనుంచే పోతున్నప్పుడు, వాటిని కనిపెట్టుకుని ఉండే చదువు మన బిడ్డలు ఎందుకు చదవకూడదు? గల్ఫుకు డ్రైవరుగా వెళ్ళేవాడి చెమటను మేము తక్కువ చేయడం లేదు. ఆ డబ్బుతోనే ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. కాని అదే గల్ఫులో చమురు కంపెనీకి ఇంజనీరుగా వెళ్ళేవాడి బతుకు వేరు.

మనవాళ్ళు ఎక్కడ జారిపోతున్నారు? 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒకరు, పీజీ చదివేవారిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలు. అంటే చేరేది కొద్దిమంది, పై మెట్టుకు వెళ్ళేసరికి ఆ కొద్దిమందిలోనూ సగమే. మన రాష్ట్రంలో 2007 చట్టంతో బి.సి.–ఇ కింద 4 శాతం రిజర్వేషను వచ్చింది. దూదేకుల సోదరులకు బి.సి.–బి ఉన్నది. చేరే దారి కొంత తెరుచుకున్నది. అయితే పీహెచ్.డీ. చేసే మైనారిటీ విద్యార్థులకు 2009 నుంచి ఇస్తూ వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును ఆపేస్తున్నట్లు కేంద్రం 2022 డిసెంబరులో ప్రకటించింది. పై మెట్టు ఇంకా ఎత్తయింది.

దారులు లేకపోలేదు. టెన్త్ కాగానే పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాడు ఈసెట్ రాసి బి.టెక్. రెండో ఏట చేరవచ్చు. ఒకప్పుడు ఉద్యోగం చేసుకుంటూనే ఎ.ఎం.ఐ.ఇ. పాసై ఇంజనీర్లయిన ఓవర్సీర్లు ఎందరో. 2013 మే తర్వాత నమోదైన వారికి ఆ సర్టిఫికెట్టు బి.టెక్.తో సమానంగా చెల్లదు గనుక, ఇప్పుడు ఈసెట్ దారే మంచిది. బి.టెక్. అయినవాడు గేట్ రాస్తే ఎం.టెక్.కు స్టైపెండు వస్తుంది, కొన్ని ప్రభుత్వరంగ కంపెనీలు ఆ మార్కులతోనే ఉద్యోగానికి పిలుస్తాయి. 1961 అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ, డిప్లొమా వాళ్ళు ఏడాదిపాటు జీతంలాంటి స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు. ఎమ్మెస్సీ వాళ్ళు సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పాసైతే పరిశోధనకు ఫెలోషిప్పు ఉన్నది. ఇవి చెప్పే పెద్దమనిషి ఇంట్లో లేకపోవడమే మన పిల్లల అసలు పేదరికం.

కనుక పెద్దలందరికీ మా మనవి మూడే మాటలు. మొదటిది: స్కాలర్‌షిప్పు ఒక్క ఏడాదికి ఇచ్చి ఊరుకోకుండా, తీసుకున్న బిడ్డ ఉద్యోగంలో కుదురుకునే దాకా వెంట నిలవాలి. జకాత్ సొమ్ములోంచి అర్హులైన విద్యార్థులకు గేట్, నెట్ పరీక్షల కోచింగు ఖర్చులు ఇవ్వడం గురించి ఉలమాలను అడిగి నిర్ణయించుకుందాము. రెండోది: అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పుట్టి ఎక్కడెక్కడో ఇంజనీర్లుగా, లెక్చరర్లుగా, లాబరేటరీ ఉద్యోగులుగా ఉన్న మనవాళ్ళ పేర్లతో ఒక రిజిస్టరు రాయాలి. రంజాను సెలవులకు వచ్చినప్పుడు ఒక్క పూట పిల్లల దగ్గర కూర్చోమని వాళ్ళను అడగాలి. మూడోది: ఆడపిల్లల సంగతి. ఒక అక్క గాజులు తాకట్టు పెడితే తమ్ముడు ఇంజనీరయ్యాడని గర్వంగా చెప్పుకుంటున్నాము. ఆ అక్కే చదువుతానంటే ఆమె కోసం గాజులు తీసేదెవరు? ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో ఎవరికి వారు వేసుకోవాలి.

గన్నవరం దగ్గర నీరు ఏటిలో పడిపోకుండా అవతలి గట్టు చేరిందంటే, కింద 49 కమానులు మోశాయి గనుకనే. వాటిలో ఏది కూలినా కాలవ ఆగిపోయేది. చదువుకునే బిడ్డను కూడా మనం అలాగే మొయ్యాలి. నడిమధ్యలో వదలకూడదు. ఆ శక్తిని, ఆ ఓపికను అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.